తమిళం రాని శనివారాలు

మా ఇంట్లో అమ్మ తెలుగులో అడిగేది, మేము తమిళంలో జవాబు చెప్పేవాళ్లం. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. మలాయ్ దేశంలో రబ్బరు ఎస్టేటు కూలీల లైన్లలో పుట్టినవాళ్లం; పక్కింటివాళ్లు తమిళులు, బళ్లో తమిళం, ఆ తరవాత మలాయ్, ఇంగ్లీషు. తెలుగు అమ్మ నోట్లోంచి బయల్దేరి మా చెవుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. "తిన్నావేటి?" అని అడిగితే "సాప్టేన్" అనేదాన్ని. "ఇంతసేపూ ఎక్కడికెల్లినావు?" అంటే తమిళంలో ఒక అబద్ధం చెప్పేదాన్ని. నాకు యాభై రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే నడిచింది.

అమ్మ పోయాక గాని నా దగ్గర ఎంత తెలుగు ఉందో చూసుకోలేదు. చూసుకుంటే సగమే ఉంది. పిలవడం వచ్చు, పని చెప్పడం వచ్చు, తిట్టడం బాగా వచ్చు, తిన్నావా పడుకున్నావా అని అడగడం వచ్చు. అంటే తల్లి మాట్లాడే తెలుగంతా వచ్చు. కూతురు మాట్లాడాల్సింది ఒక్క ముక్కా రాదు. ఆస్పత్రిలో ఆఖరి వారం అమ్మ నన్ను "ఇంటికి ఎప్పుడెల్తాం?" అని అడిగింది. నేను ఎప్పటిలాగే తమిళంలో "రేపు" అన్నాను. ఆ మాట అబద్ధమైనందుకు కాదు, తమిళంలో అన్నందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేము తాతల కాలంలోనే బటాంగ్ బెర్జుంటై ఎస్టేటులో క్రైస్తవులమయ్యాం. మా కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన ఏడాదికి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాస్టరుగారు వాక్యం చెప్పాక, పెద్ద బిడ్డ లేచి నోటి ప్రార్థన చెయ్యాలి. కాగితం పట్టుకోకూడదు. కాగితం చూసి చదివితే అది దేవుడికి దరఖాస్తు పెట్టుకోవడమేనని అమ్మ వెక్కిరించేది. మా అమ్మమ్మకి అమ్మ చేసింది, తెలుగులో, కళ్లు మూసుకుని, అన్నం ఉడికిపోయేంతసేపు. అమ్మకి నేను చెయ్యాలి.

"తమిళంలో చేసెయ్ అక్కా. అక్కడ తెలుగు ఎవరికి అర్థమవుతుంది? పిన్నికీ ఇంకో ముగ్గురు ముసలివాళ్లకీ" అన్నాడు మా తమ్ముడు. వాడు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ అమ్మకి ఒక్కసారైనా ఆమె భాషలో జవాబు చెప్పాలని నాకు పట్టుకుంది. ఏడాది నిండేలోపు కాగితం లేకుండా నాలుగు మాటలు తెలుగులో మాట్లాడగలగాలి. నాకు కావలసింది అంతే. అప్పటికి పది నెలల టైముంది.

నేను క్లాంగ్‌లో ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తాని. మా ఆయనకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. మంగళ, గురువారాలు తనే కారు పిలిపించుకుని వెళ్తాడు, శనివారం నేను తీసుకెళ్తాను. మిగిలిన టైములో, మిగిలిన ఓపికతో, నేను తెలుగు మాట్లాడే చోటు వెతుక్కున్నాను.

మొదట తెలుగు సంఘం వాళ్ల ఆదివారం క్లాసుకి వెళ్లాను. పిల్లల కుర్చీలు. మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఆంధ్రా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ బోర్డు మీద అక్షరాలు దిద్దించేది. నా పక్కన ఏడేళ్ల పాప నా కంటే ముందు రాసేసి నా పుస్తకంలోకి తొంగి చూసేది. ఆ క్లాసు దయవల్ల చదవడం, రాయడం వచ్చాయి, ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చేత్తోనే. కానీ గంటసేపు రాసి, బెల్లు కొట్టగానే పిల్లలు మలాయ్‌లో, తల్లులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ బయటికి పోయేవాళ్లు. టీచరమ్మ తలనొప్పిగా ఉందని వెళ్లిపోయేది. నేను రాసింది చదువుకుంటూ కారెక్కేదాన్ని.

తరవాత ఇండియావాళ్ల అంగళ్లుండే బ్రిక్‌ఫీల్డ్స్ పేట. అక్కడ ఒక హోటలు ముందు ఆంధ్రా భోజనం అని తెలుగులో బోర్డు ఉందని ఎవరో చెప్పారు. ట్రైన్లో కూర్చుని ఏం అడగాలో మనసులో సర్దుకున్నాను. "పప్పు ఉందా? ఇంకొంచెం అన్నం పెట్టండి. కారం తగ్గించండి." లోపలికి వెళ్లి మొదటి వాక్యం అనగానే సర్వరు నా మొహం చూసి, మలాయ్‌లో, ఇక్కడే తింటారా పార్సిలా అని అడిగాడు. అతనిది నేపాల్. గల్లాపెట్టె దగ్గర ఉన్నాయనది తంజావూరు. బోర్డు మాత్రం నిజంగానే తెలుగులో ఉంది. పప్పు తిని వచ్చేశాను.

ఆంధ్రా నుంచి సాఫ్ట్‌వేర్ పనుల మీద వచ్చిన ఆడవాళ్లు కొందరు ఒక కాండో అపార్ట్‌మెంట్లో నెలకోసారి కలుస్తారంటే అక్కడికీ వెళ్లాను. ఎంత ఆదరంగా కూర్చోబెట్టారో చెప్పలేను. చేగోడీలు పెట్టారు. నేను "ఇయ్యేటి?" అన్నాను, మా అమ్మ అన్నట్టే. ఒకావిడకి నవ్వొచ్చింది, ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. "అయ్యో, మా అమ్మమ్మగారి ఊళ్లో పనమ్మాయి ఇలాగే మాట్లాడేదండీ, ఎంత ముద్దుగా ఉంటుందో" అంది. చెడ్డ మనసుతో అనలేదు. ఆ తరవాత నేను తడుముకుంటుంటే నాకు కష్టం కలగకూడదని అందరూ ఇంగ్లీషులోకి దిగారు. ఇంకో నెల వెళ్లలేదు.

నన్ను విసిగించింది వెక్కిరింపులు కాదు, ఈ మంచితనమే. క్వాలా సెలంగోర్‌లో పిన్ని ఉంది, అమ్మకి చెల్లెలు. సెలవు రోజు దొరికితే గంటన్నర కారు నడిపి వెళ్లేదాన్ని. రెండు వాక్యాలు బాగానే నడిచేవి. మూడో వాక్యంలో నేను ఆగగానే పిన్ని నా చెయ్యి నిమిరి తమిళంలోకి మారిపోయేది. "నీకెందికే ఇంత తిప్పలు? అరవంలో సెప్పు" అనేది. చర్చిలోనూ అదే. నెలకోసారి తెలుగు ఆరాధన, అది అవగానే టీ గ్లాసులు పట్టుకుని అందరిదీ తమిళమే. నేను తెలుగులో పలకరిస్తే పెద్దాయన ఒకాయన జాలిగా చూసి, తమిళంలో, "బాగానే మాట్లాడుతున్నావమ్మా" అని మెచ్చుకున్నాడు. తడబడేవాణ్ణి నిలబడనివ్వకుండా ఎత్తుకుని తిప్పితే వాడు నడక ఎప్పుడు నేర్చుకుంటాడు? ఈ మాట కూడా నాకు తెలుగులో అనడం రాలేదు, అందుకే మింగి ఊరుకున్నాను.

అలా ఆరు నెలలు పోయాయి.

డయాలసిస్ సెంటరు టైర్ల షాపు మీద ఉంటుంది. పన్నెండు కుర్చీలు, పన్నెండు మెషిన్లు, గోడకి ఒక టీవీ. నాలుగు గంటలసేపు కదలడానికి లేదు. మా ఆయన పక్క కుర్చీలో ఉండే చైనా తాత వేరే ఊరు మారిపోయాడు. ఆ శనివారం అతని చోట ఒక ముసలావిడ కూర్చుని ఉంది. బూడిద రంగు శాలువా, చెవులకి పాతకాలం కమ్మలు. నర్సు సూది గుచ్చుతుంటే ఆవిడ గోడవైపు తిరిగి తనలో తను గొణిగింది. "అదేటి సూదా, గునపమా?"

ఆ 'ఏటి' విని నేను అటు తిరిగాను. అమ్మ పోయాక ఆ విరుపుతో ఆ మాట వినలేదు.

క్లాసులో నేర్చుకున్న మర్యాదంతా కూడగట్టుకుని "మీరు తెలుగువారా అండి?" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మీరేటి? ఇక్కడ నానొక్కదాన్నే గదా కూకున్నాను."

ఏ ఎస్టేటు అని అడిగింది. చెప్పబోయి రెండో మాటలోనే తడబడ్డాను. వెంటనే ఆవిడ మొహంలో ఆ మంచితనం కనిపించింది, పిన్ని మొహంలోదే. నోరు తెరిచి తమిళంలో "ఏ ఊరమ్మా మీది?" అంది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది. దాన్ని నేను ఆలోచించలేదు.

"నాకు తమిళం రాదు" అన్నాను.

అక్కడితో ఆగలేదు. సముద్రం అవతల, తమిళులు పెద్దగా లేని సబాలో పెరిగానన్నాను. నాన్న అక్కడ కలప పనిలో ఉండేవాడని, నేను మలాయ్ బళ్లో చదివానని చెప్పాను. మా నాన్న జీవితంలో ఓడ ఎక్కలేదు, నేను సబా మ్యాపులో తప్ప చూడలేదు. పక్క కుర్చీలో మా ఆయన కళ్లు తెరిచి నావైపు చూశాడు. ఆయన తమిళుడు. పెళ్లయిన దగ్గర్నుంచి మా మధ్య నడిచేది తమిళమే.

"పాపం" అంది ఆవిడ నన్ను చూసి. ఇంక వేరే దారి లేక తెలుగులోనే మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి హాల్లో నేను మా ఆయనతో ఇంగ్లీషే మాట్లాడాలి. కారెక్కగానే ఆయన తమిళంలో అందుకునేవాడు. "నువ్వు సబాలో ఏ ఊళ్లో పెరిగావో నాకూ చెప్పు, ఎవరైనా అడిగితే తప్పు చెప్తానేమో" అనేవాడు. అసలే రక్తం శుభ్రం చేయించుకుని నీరసంగా ఉండే మనిషి, అయినా ఈ విషయంలో మాత్రం ఓపిక ఎక్కడినుంచో వచ్చేది.

ఆవిడని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను అమ్మీ అనేది. ఆవిడదీ బటాంగ్ బెర్జుంటై వైపే. పాల కోసం రబ్బరు చెట్లు గీసింది, వాటిని కొట్టేసి పామాయిల్ వేశాక రాలిన పళ్లు ఏరింది, మోకాళ్లు అరిగాక క్లాంగ్‌లో కొడుకు ఫ్లాటుకి వచ్చింది. కోడలు తమిళ పిల్ల, మనవరాలు ఫోను పిల్ల. "ఆల్లందరూ మంచోల్లే అమ్మీ. ఏలకి తిండెడతారు, బట్ట ఉతుకుతారు. మాటే లేదు" అనేది. సెంటరు వ్యాను తీసుకొచ్చి తీసుకెళ్లేది. ఒక్కోసారి ఇంట్లో దింపేసరికి రెండు గంటలు పట్టేదట.

మేము గొప్ప విషయాలేమీ మాట్లాడుకోలేదు. "ఈ వారం ఏటి వండినావు?" అని ఆవిడ అడిగేది, నేను చెప్పాలి. ఎలా వండానో కూడా చెప్పాలి. ఉల్లిపాయ ఎప్పుడు వేశావు, చింతపండు ఎంత, ఎవరు తిన్నారు, ఎవరు వదిలేశారు. నేను ఆగితే ఆగనిచ్చేది. మాట అందించేది కాదు. మెషిను గుయ్యిమంటుండగా కళ్లు మూసుకుని కాచుకునేది, నేను ఆ మాట కోసం వెతుక్కుని వెతుక్కుని పట్టుకునేదాకా. అలా నన్ను వదిలేసిన మనిషి ఆవిడ ఒక్కతే. నాలుగు గంటలు ఎక్కడికీ పోలేదు గదా పాపం.

ఎందుకు నేర్చుకుంటున్నానో చెప్పాను. ఆవిడ హిందువు, ఈ నోటి ప్రార్థన సంగతి వింతగా విన్నది.

"మీ యేసుకి తెలుగొచ్చునా?"

"వచ్చునంట."

"ఐతే నీకు రాపోయినా పరవానేదు గదా."

నవ్వొచ్చింది. అమ్మ పోయాక తెలుగులో నవ్వడం అదే మొదటిసారి. ఒకసారి మా ఆయనకి మెషిను మీద ఉండగానే కాలి పిక్క పట్టేసింది. ఆయన తమిళంలో కేక పెట్టాడు. నేను పరిగెత్తి కాలు నొక్కుతూ ఏదో అన్నాను, ఏ భాషలో అన్నానో నాకే గుర్తులేదు. తిరిగి వచ్చి కూర్చునేసరికి పెద్దమ్మ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోంది అనుకున్నాను.

కూడిక ఇంకా రెండు వారాలుందనగా, ఒక శనివారం నర్సు ఆవిడ చేతికి బీపీ పట్టీ కడుతోంది. పెద్దమ్మ ఆ పిల్లతో తమిళంలో అంది. నెమ్మదిగానే అంది, కానీ ప్రతి మాటా నాకు వినిపించింది.

"ఈ నెలాఖరు దాకా వస్తాను తల్లీ. మనవరాలి పరీక్షలు అయిపోతాయి. ఆపైన రాను. నా కొడుక్కి చెప్పకు. అలిసిపోయాను, ఎన్ని రోజులు నడిస్తే అన్ని రోజులు."

"అలా అనకూడదు పాట్టీ" అని నర్సు నవ్వేసి, అవతల ఏదో మెషిను కూస్తుంటే అటు పోయింది.

డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. డాక్టరు మా ఆయనకి మొదటిరోజే చెప్పాడు, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని రోజులని. నేను ఆవిడకి చేతికందేంత దూరంలో కూర్చుని ఉన్నాను. మైలో పాల గ్లాసు ఒళ్లో పెట్టుకుని టీవీ చూశాను. ఎవరో కొబ్బరిపాలలో కోడిమాంసం వండుతున్నారు. పెద్దమ్మ నావైపు తిరిగి, తెలుగులో, "అమ్మీ, ఈ వారం ఏటి వండినావు?" అంది.

చెప్పాను. రొయ్యల పులుసు, ఎలా చేశానో మొదటినుంచి చివరి దాకా. ఆ రోజు నా తెలుగు ఎక్కడా తడబడలేదు.

ఎందుకు నోరు విప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పెద్దవాళ్లు విసుగొచ్చినప్పుడు అలాంటి మాటలు అంటూనే ఉంటారు. నర్సు డాక్టరుకి చెప్తుంది. ఆవిడ ఒళ్లు ఆవిడ ఇష్టం. ఇవన్నీ నిజాలే. కానీ నేను ఊరుకున్నది వీటి వల్ల కాదు. నోరు విప్పితే నాకు తమిళం వచ్చని తెలిసిపోతుంది. తెలిస్తే ఆవిడ తమిళంలోకి మారిపోతుంది. కూడికలోపు నాకింకా రెండు శనివారాలు మిగిలాయి. వాటికోసం ఊరుకున్నాను. మా ఆయన ఆ టైములో నిద్రపోతున్నాడు, ఆయనకీ చెప్పలేదు. ఆ రాత్రీ, ఆ వారమూ అన్నం సయించలేదు, అయినా చెప్పలేదు.

తరవాతి శనివారం పెద్దమ్మ ముందు ప్రార్థన అప్పజెప్పాను. తొమ్మిది వాక్యాలు. అమ్మ చేసిన కష్టం, పెట్టిన తిండి, పాడిన పాటలు, అన్నిటికీ దేవుడికి వందనాలు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది.

"బాగున్నాది" అంది. తరవాత కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. "ఇంకేటీ సెప్పాలని నేదా?"

ప్రార్థన గురించి అడుగుతోంది అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు వీలుగా ఉంది. "లేదు పెద్దమ్మా, ఇంతే" అన్నాను.

ఆఖరి శనివారం, మర్నాడే కూడిక. నాలుగు గంటలూ ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. సూదులు తీసి కట్టు కట్టాక శాలువా మడిచి చంకలో పెట్టుకుని లేచింది. కింద వ్యాను హారను కొడుతోంది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఎల్తాను అమ్మీ" అంది.

ప్రతి శనివారం "ఎల్లొత్తాను" అనేది. మా ఇళ్లలో ఎవరూ గడప దిగుతూ వెళ్తానని ఊరికే అనరు, చిన్నపిల్లలు అన్నా నోటి మీద కొట్టి వెళ్లొస్తానని అనిపిస్తారు.

"వద్దు. మానెయ్యొద్దు. మంగళవారం రావాలి, నువ్వు రావాలి" అన్నాను. అదంతా తమిళంలో అన్నాను. గట్టిగానే అన్నానేమో, నర్సు ఇటు తిరిగింది, మా ఆయన కళ్లు తెరిచాడు.

పెద్దమ్మ ఆశ్చర్యపోలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి, కట్టు మీద వేలితో నొక్కుకుంటూ, తెలుగులోనే మాట్లాడింది.

"నీకు అరవం వచ్చునని మొదటినాడే నాకెరికే. సబాలో పెరిగినదానివి అరవ మొగుణ్ణెలాగ సేసుకున్నావే? ఆయన కాలు పట్టేసినాదని అరిసినప్పుడు నువ్వేటన్నావో నానినలేదనుకున్నావా? నాకూ తెలుగు మాటాడాలనే ఉన్నాది. అందికే ఊరుకున్నాను."

కింద వ్యాను మళ్లీ హారను కొట్టింది. ఆవిడ కదల్లేదు.

"ఆ పొద్దు నాను సెప్పింది నర్సుకి గాదు అమ్మీ. ఆ పిల్లకి సెప్పడానికేటి, రోజూ సెప్పొచ్చు. నీకినపడాలనే సెప్పినాను. నీ మొకం సూసి సెప్పడానికి నోరు రాలేదు, అందికే దాంతోటి సెప్పినాను. ఒద్దంటావేమో అని సూసినాను. ఆ పొద్దు సూసినాను, పోయిన శనివారం సూసినాను. నువ్వు రొయ్యల పులుసు సెప్పినావు."

నాకు తెలుగులో తిట్టడం వచ్చు, పిలవడం వచ్చు, పులుసు చెప్పడం కూడా వచ్చింది. ఇప్పుడు కావలసిన మాట మా ఇంట్లో పిల్లలం అమ్మతో అనాల్సిన మాట, మేమెప్పుడూ తెలుగులో అనని మాట. క్లాసులో క్షమించండి అని రాయించారు. అది ఆ ముసలావిడ ముందు ఎలా అంటాను?

"తప్పైపోనాది పెద్దమ్మా" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. చిన్నప్పుడు అమ్మ అమ్మమ్మతో అంటుంటే విని ఉంటాను.

ఆవిడ అవునని గాని పరవాలేదని గాని అనలేదు. వ్యాను మనిషి పైకి వచ్చి చెయ్యి పట్టుకుంటే, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

మర్నాడు తమ్ముడి ఇంట్లో కూడిక. ప్లాస్టిక్ కుర్చీలు గేటు దాకా వేశారు. పాస్టరుగారు కూర్చున్నాక నేను లేచాను. చేతిలో కాగితం లేదు. తొమ్మిది వాక్యాల్లో మూడు చెప్పాను. నాలుగోది రాలేదు. అక్కడ ఎవరూ నాకు మాట అందించలేదు, అందించగలిగినవాళ్లు లేరు. కళ్లు మూసుకుని నిలబడ్డాను. చివరికి "అమ్మా, తప్పైపోనాది" అని కూర్చున్నాను. ఆమెన్ అనడం మర్చిపోతే పాస్టరుగారే అన్నారు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, తరవాత నన్ను పట్టుకుని తమిళంలో, బాగా చేశావే అంది. చివరన ఏమన్నావని తమ్ముడి కూతురు ఇంగ్లీషులో అడిగింది. సారీ అన్నానని చెప్పాను. దేనికి అంది. చాలావాటికి అన్నాను.

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి మా ఆయనతో వెళ్లాను. ఆయన ఎందుకని అడగలేదు, దారిలోనే అన్నీ చెప్పాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మా ఆయనకి సూదులు గుచ్చారు, మెషిను మొదలైంది. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. బయట వాన. నర్సుని అడగడానికి ధైర్యం చాలలేదు. టీవీలో ఏముందో నాకు తెలీదు, దానివైపే చూస్తూ కూర్చున్నాను.

గంట తరవాత మెట్ల మీద చప్పుడైంది. ముందు వ్యాను మనిషి, వెనక తడిసిన బూడిద రంగు శాలువా. దారిలో నీళ్లు నిలిచిపోయాయట.

"వచ్చినావా పెద్దమ్మా" అన్నాను.

"వచ్చాను. తప్పుకో, కూర్చోవాలి" అంది ఆవిడ. తమిళంలో అంది.

ఆ నాలుగు గంటలూ తమిళమే మాట్లాడింది. తరవాతి శనివారమూ అంతే. నేనెంత తెలుగులో పలకరించినా ఒక్క తెలుగు మాట ఆవిడ నోట్లోంచి రాలేదు. సూది గుచ్చినప్పుడు కూడా తమిళంలోనే విసుక్కుంది. కోపమా అని అడిగితే, అలుపు అంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. మనవరాలి పరీక్షలు అయిపోయాయి. ఎప్పటిదాకా వస్తావని నేను అడగను, ఆవిడ చెప్పదు. ఆవిడ కొడుకుతో మాట్లాడి శనివారాలు మా కారులో తీసుకెళ్తానన్నాను, వ్యానులో ఊరంతా తిరిగే బాధ ఒక్క రోజైనా తప్పుతుందని. వెనక సీట్లో ఆవిడ, ముందు నా పక్కన మా ఆయన. ఇద్దరూ దారంతా తమిళంలో సీరియళ్ల గురించి, ఉప్పులేని తిండి గురించి మాట్లాడుకుంటారు. హాల్లో మళ్లీ నోరారా తమిళం మాట్లాడే స్వేచ్ఛ దొరికినందుకు మా ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. మధ్యలో ఆవిడ నన్ను తమిళంలో తిన్నావా అని అడుగుతుంది. తిన్నాను పెద్దమ్మా, అని తెలుగులో చెప్తాను. ఏం వండావంటుంది. తెలుగులోనే చెప్తాను, మాట దొరక్కపోతే ఆగుతాను. ఆవిడ అందించదు. వెనక సీట్లో కాచుకునే ఉంటుంది.

పోయిన శనివారం ఫ్లాటు కింద దింపాను. లిఫ్టు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను. తలుపు మూసుకోబోతుండగా ఆవిడ చేత్తో ఆపింది.

"పోయిట్టు వరేన్" అంది. తమిళులూ వెళ్తానని ఊరికే అనరు, వెళ్లొస్తాననే అంటారు.

"ఎల్లిరా పెద్దమ్మా" అన్నాను.